మొంబాసాలో దిగిన బస్తా ఎనిమిది దేశాలకూ పోతుందా?

మీరు అడిగింది ఇదీ. కాకినాడ నుంచి బియ్యం ఎగుమతి చేస్తున్నారు. కెన్యాలోని మొంబాసా రేవులో దించి, ఉగాండా రాజధాని కంపాలాలో ఒక గోడౌన్ తీసుకుంటే చాలు, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా సమాఖ్యలోని ఎనిమిది దేశాలకూ సుంకం లేకుండా అమ్ముకోవచ్చని ఒకాయన మీకు చెప్పాడు. 30 కోట్ల మంది మార్కెట్ అన్నాడు, త్వరలో ఒకే కరెన్సీ వస్తుందన్నాడు. ఇందులో నిజమెంత, ఆ సమాఖ్య యూరప్ లాగా ఎప్పటికైనా ఒకటవుతుందా అన్నది మీ ప్రశ్న.

నాది మీ పక్కనే, సామర్లకోట. 2003లో కంపాలా వెళ్ళాను. క్లియరింగ్, ఫార్వర్డింగ్ పనిలో పంతొమ్మిదేళ్ళు ఉన్నాను, చివరి ఆరేళ్ళు తంజానియా రేవు దార్ ఎస్ సలాంలో. పోర్టులో దిగిన కంటైనర్‌ని బోర్డర్లు దాటించి గోడౌన్ తలుపు దాకా చేర్చడమే మా పని. కాబట్టి ఈ సమాఖ్య గురించి నాకు తెలిసిందంతా లారీ క్యాబిన్ లోంచి, కస్టమ్స్ కౌంటర్ ముందు నిలబడి తెలుసుకున్నదే.

ముందు జవాబు చెప్పేస్తాను. గోడౌన్ తీసుకోండి, కానీ ఉగాండాలో అమ్ముకోగలిగినంత సరుకుకే తీసుకోండి. ఆయన చెప్పింది కాగితం మీద ఉన్న మాటే. ఆ కాగితం మీద ఎనిమిది మంది సంతకాలు కూడా ఉన్నాయి. అయితే దాన్ని పాటించకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ సమాఖ్య చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

మీ బియ్యంతోనే మొదలుపెడదాం. 2005 నుంచి ఈ దేశాలకు కస్టమ్స్ యూనియన్ ఉంది. బయటి నుంచి వచ్చే సరుకు మీద అందరూ ఒకే రేటు సుంకం వేయాలి. ముడిసరుకుకు సున్నా, సగం తయారైనదానికి 10 శాతం, పూర్తిగా తయారైనదానికి 25, 2022 జూలై నుంచి కొన్నిటికి 35. వీటికి పైన 'సెన్సిటివ్' సరుకుల జాబితా ఒకటి ఉంది. బియ్యం అందులోనే ఉంది, రేటు 75 శాతం. చక్కెరకైతే ఏకంగా నూరు. తమ రైతుని కాపాడుకోవడానికి పెట్టుకున్న గోడ అది, తప్పు పట్టలేం.

కానీ కెన్యాలో పండే బియ్యం కెన్యాకే చాలవు. అందుకని కెన్యా మినహాయింపు తెచ్చుకుని పాకిస్తాన్ బియ్యం మీద చాలా ఏళ్ళుగా 35 శాతమే వేస్తోంది. తంజానియాలో బియ్యం మిగులు. ఎంబెయా వైపు పండే సువాసన రకం ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ అదే అడుగుతారు. వాళ్ళకు 75 శాతం గోడ కావాలి. మళ్ళీ అదే తంజానియాలో భాగమైన జాంజిబార్ దీవికి వేరే తక్కువ రేటు. అంటే ఒకే రేటు అని రాసుకున్న సరుకుకి మూడు చోట్ల మూడు రేట్లు. ఇక ఏమవుతుంది? తక్కువ రేటు ఉన్నచోట దిగిన బస్తా రాత్రికి రాత్రి ఎక్కువ రేటు ఉన్నచోట తేలుతుంది. ఒక దశలో తంజానియా బయటి బియ్యాన్ని సుంకం లేకుండా దించుకుంది. ఆ బియ్యమే సంచీ మార్చుకుని తమ దగ్గరికి వస్తోందని పొరుగువాళ్ళు అనుమానించి, తంజానియా బియ్యానికి కూడా 75 శాతం వేసేశారు. అందులో ఎంబెయా రైతు బస్తా ఏదో, కరాచీ బస్తా ఏదో బోర్డర్‌లో ఉన్న ఆఫీసరుకి చూపించండి చూద్దాం.

అసలైన కస్టమ్స్ యూనియన్ అంటే ఒకసారి గుమ్మం దగ్గర సుంకం కడితే ఇల్లంతా తిరగొచ్చు. యూరప్‌లో రాటర్‌డామ్‌లో దిగిన సరుకు అలాగే తిరుగుతుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. సుంకం ఏ దేశంలో వాడతారో ఆ దేశానికి చెందుతుంది. సుంకం లేకుండా బోర్డర్ దాటే హక్కు సమాఖ్య లోపల పుట్టిన సరుకుకే, అదీ సర్టిఫికెట్ ఉంటేనే. మీ కాకినాడ బస్తా కంపాలాలో సుంకం కట్టినా రువాండా రాజధాని కిగాలీ వెళ్తే మళ్ళీ కట్టాలి. మీకు సలహా ఇచ్చినాయన చెప్పనిది ఇదే.

మినహాయింపులు ఎందుకు అన్నేసి అంటే, సుంకం వాళ్ళకు జీతాల డబ్బు. మనకు జీఎస్టీ, ఆదాయపు పన్ను లాంటివి బలంగా ఉన్నాయి. అక్కడ ఎక్కువ మంది బజారులో, పొలంలో, లెక్కల్లోకి రాని పనుల్లో ఉంటారు. పన్ను సులువుగా దొరికేది పోర్టులో, బోర్డర్‌లో. పైగా అప్పులున్నాయి. 2024 జూన్‌లో కెన్యా కొత్త పన్నులు వేయబోతే కుర్రాళ్ళు నైరోబి వీధుల్లోకి వచ్చి 25వ తేదీన పార్లమెంటులోకే జొరబడ్డారు. మర్నాడే అధ్యక్షుడు రూటో ఆ బిల్లు వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లోవాళ్ళ మీద వేయలేనప్పుడు పొరుగువాడి లారీ మీద చూపు పడటం వింతేమీ కాదు.

ఇది కొత్త జబ్బు కాదు. ఈ సమాఖ్య ఒకసారి పుట్టి చచ్చిపోయింది. 1967లో కెన్యా, ఉగాండా, తంజానియా కలిసి ఒప్పందం చేసుకున్నప్పుడు వాళ్ళకి ఉమ్మడిగా ఉన్నవి ఇవాళ యూరప్‌కి కూడా లేవు. రైల్వే ఒకటే, రేవులు ఒకటే, తపాలా ఒకటే, విమానాల కంపెనీ ఒకటే. ఇంకొంచెం ముందు కరెన్సీ కూడా ఒకటే, ఈస్ట్ ఆఫ్రికన్ షిల్లింగ్. 1966లో ఎవరి బ్యాంకు వాళ్ళు పెట్టుకుని దాన్ని విడగొట్టుకున్నారు. అంటే కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. పదేళ్ళలో పోగొట్టుకున్నారు.

కారణాలు రెండు. ఫ్యాక్టరీలన్నీ కెన్యాలో పెరిగాయి, మిగతా ఇద్దరూ కొనుక్కునేవాళ్ళుగా మిగిలారు. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ నైరోబికే అన్నీ అలవాటు. రెండోది మనుషుల సంగతి. 1971 జనవరిలో ఇదీ అమిన్ కుట్ర చేసి ఉగాండాలో గద్దె ఎక్కాడు. ఆ మనిషి పక్కన కుర్చీలో కూర్చోనన్నాడు తంజానియా నైరేరే. ముగ్గురు అధ్యక్షులు కూర్చుంటే తప్ప నిర్ణయం జరగని ఏర్పాటు అది. ఇక ఆ ముగ్గురూ కూర్చోలేదు. (మనవాళ్ళకి అమిన్ అంటే 1972లో ఆసియా వాళ్ళని తరిమేసినవాడిగానే గుర్తు. నేను వెళ్ళేసరికి ఆ ఇళ్ళలో కొన్ని మళ్ళీ పాత యజమానుల చేతికి వచ్చాయి, కంపాలా రోడ్డులో గుజరాతీ పేర్లు గోడల మీద మసకగా కనిపించేవి.) 1977 మొదట్లో విమానాల కంపెనీ మూతపడింది, కెన్యా సొంత కంపెనీ పెట్టేసింది. కోపం వచ్చి తంజానియా బోర్డర్ మూసేసింది. ఆరేళ్ళకు పైగా, 1983 దాకా తెరవలేదు. ఆస్తులు పంచుకోవడానికి ఉంబ్రిక్ట్ అనే స్విట్జర్లాండ్ పెద్దమనిషిని పెట్టుకుంటే, ఎవరి వాటా ఎంతో తేలి సంతకాలయ్యేసరికి 1984 వచ్చింది.

మళ్ళీ 1999లో తంజానియాలోని అరుషాలో సంతకాలు చేసి మొదలుపెట్టారు, సమాఖ్య ఆఫీసు కూడా అక్కడే. 2007లో రువాండా, బురుండి చేరాయి. 2016లో దక్షిణ సూడాన్, 2022లో కాంగో, 2024లో సోమాలియా. మీరు విన్న 30 కోట్ల లెక్క ఇలా వచ్చింది. అందులో దాదాపు మూడో వంతు కాంగో జనమే, కంపాలా గోడౌన్ నుంచి దాని రాజధాని కిన్షాసా దాకా లారీ పోయే రోడ్డే లేదు.

కొత్త ఒప్పందంలో కూడా పాత లోపాన్ని అలాగే ఉంచుకున్నారు. అధ్యక్షుల శిఖరాగ్ర సమావేశం ఏ నిర్ణయమైనా ఏకగ్రీవంగానే చేయాలి. అంటే నియమం తప్పినవాడు కూడా తీర్పు చెప్పే బల్ల దగ్గరే కూర్చుంటాడు. అరుషాలో కోర్టు ఉంది, మంచి జడ్జీలే ఉన్నారు. కెన్యాలో చేసిన సిగరెట్ల మీద ఉగాండా ఎక్కువ పన్ను వేస్తే అది తప్పని 2019లో తీర్పు చెప్పింది. తీర్పు పాటించకపోతే జరిమానా వేసి వసూలు చేసే చెయ్యి మాత్రం ఆ కోర్టుకి లేదు. ఆఫీసు ఖర్చులకి సభ్యదేశాలు ఇవ్వాల్సిన చందాలే సరిగా రావు. దక్షిణ సూడాన్ బాకీల సంగతి అరుషాలో ప్రతి సమావేశంలోనూ వినిపించేదే.

నియమం తప్పడం అంటే ఏమిటో మా పని చేసినవాళ్ళని అడగండి. 2017 అక్టోబరులో రెండు దేశాల మధ్య నమంగా బోర్డర్‌లో కెన్యా నుంచి వచ్చిన 6,400 కోడిపిల్లల్ని తంజానియా అధికారులు తగలబెట్టారు. బర్డ్ ఫ్లూ భయం అన్నారు. అదే నెలలో పశువులు కాసుకుని బతికే కెన్యా మాసాయిలవి 1,300 పశువులు మేతకి తంజానియా వైపు దాటొచ్చాయని పట్టుకుని వేలం వేశారు. మాసాయిలకి ఆ బోర్డర్ ఎప్పుడు గీశారో కూడా పట్టదు, వాళ్ళ గడ్డి రెండు పక్కలా ఉంది. 2021 మార్చిలో కెన్యా వంతు. ఉగాండా, తంజానియా మొక్కజొన్నలో బూజు విషం ఉందని రాత్రికి రాత్రి ఆపేసింది. బూజు సమస్య నిజమే, కెన్యా మొక్కజొన్నలో కూడా ఉంది. నాలుగైదు రోజులకి షరతులతో మళ్ళీ తెరిచారు. ఆ నాలుగైదు రోజులూ ఎండలో నిలబడిన లారీలో గింజ చెమ్మ పట్టి లేని బూజు కూడా పట్టింది. కెన్యా మిఠాయిలు, చాక్లెట్ల మీద తంజానియా 25 శాతం వేయడం ఇంకో కథ. మీరు చక్కెర సుంకం లేకుండా తెచ్చుకుని చేశారు కదా అని వాళ్ళ వాదన. అందులో న్యాయం లేకపోలేదు.

నా తలమీద పడింది 2019 ఫిబ్రవరి. మా పార్టీ సరుకు రెండు లారీలు, కంపాలా నుంచి కిగాలీకి. ఉగాండా పక్క కతూనా అంటారు, రువాండా పక్క గటూనా. ఊరు ఒకటే, మధ్యలో వాగు లాంటిది. రువాండా వైపు బోర్డర్ ఆఫీసు కట్టడం పనులు జరుగుతున్నాయి, బరువు లారీలు కగిటుంబా బోర్డర్ మీదుగా తిప్పుకోండి అన్నారు. తిప్పాం. రెండు రోజులకి అసలు సంగతి బయటికి వచ్చింది. మా మనుషుల్ని మీరు పట్టుకుని కొడుతున్నారు, మా శత్రువులకి చోటిస్తున్నారు అని రువాండా, మా దేశంలో మీరు గూఢచారులని పెట్టారు అని ఉగాండా. ఆ రోడ్డు మళ్ళీ తెరిచింది 2022 జనవరి 31న. దాదాపు మూడేళ్ళు. ఉగాండా పక్క కబాలే నుంచి రోజూ బీన్స్, సిమెంటు అటు పంపుకుని బతికిన వాళ్ళు ఏమయ్యారో. సమాఖ్యలో ఈ ఇద్దరూ సభ్యులే, శిఖరాగ్రానికి ఇద్దరూ వెళ్తున్నారు, ఫొటోలో పక్కపక్కనే నిలబడుతున్నారు. అరుషా ఆఫీసు నోరు మెదపలేదు. మెదిపే అధికారం దానికి ఎవరిచ్చారు గనక. చివరికి ఉగాండా అధ్యక్షుడు ముసెవెని కొడుకు కిగాలీ వెళ్ళి రువాండా అధ్యక్షుడు కగామెతో మాట్లాడితే తెరిచారు. ఇంటి పంచాయతీ తీరినట్టు తీరింది.

సముద్రం లేని దేశానికి ఇంకో టెన్షన్ ఉంటుంది, అది మీరు కంపాలాలో ఉంటేనే అర్థమవుతుంది. ఉగాండా తాగే పెట్రోలులో పదింట తొమ్మిది వంతులు కెన్యా మీదుగానే వస్తుంది. 2008 జనవరిలో కెన్యా ఎన్నికల గొడవలు ముదిరినప్పుడు నైరోబిలో కిబేరా దగ్గర జనం రైలు పట్టాలే పీకేశారు. లారీలు మొంబాసాలో ఆగిపోయాయి. కంపాలాలో బంకుల ముందు తాడు కట్టేశారు. మా ఆఫీసు డ్రైవరు తెల్లవారుజామున నాలుగింటికి క్యాన్ పట్టుకుని బయల్దేరి, మధ్యాహ్నం సగం క్యాన్‌తో వచ్చాడు. ఎన్నికలు పక్క దేశానివి, బండి ఆగింది ఇక్కడ.

2023లో మళ్ళీ. కెన్యా డాలర్ల కరువు తట్టుకోవడానికి గల్ఫ్ ప్రభుత్వ కంపెనీలతో అరువు మీద ఆయిల్ ఒప్పందం చేసుకుంది, ఉగాండాకి వచ్చేది కూడా ఆ దారిలోనే. ధర పెరుగుతోంది, మధ్యవాళ్ళు తింటున్నారు అని ముసెవెని బహిరంగంగానే కోప్పడి, మా కంపెనీయే నేరుగా తెచ్చుకుంటుంది అన్నాడు. లైసెన్సు ఇవ్వం అంది కెన్యా. ఉగాండా అరుషా కోర్టుకెక్కింది. కోర్టు సంగతి ఎలా ఉన్నా, ఉగాండా ఇక తంజానియా వైపు తిరుగుతుందేమో అన్న భయమే ఎక్కువ పని చేసిందని నా అనుమానం. 2024 జూలై నుంచి నేరుగా తెచ్చుకుంటున్నారు.

ఆ భయానికి కారణం ఉంది. ఉగాండా తన సొంత ముడి చమురు పైప్‌లైన్ని మొదట కెన్యా మీదుగా అనుకుని, 2016లో మనసు మార్చుకుని తంజానియాలోని టాంగా రేవుకి తిప్పింది. 1,443 కిలోమీటర్లు, గడ్డకట్టే చమురు కాబట్టి దారంతా వేడి చేస్తూ పంపాలి. కెన్యా చైనా అప్పుతో కట్టిన కొత్త రైలు 2017లో మొంబాసా నుంచి నైరోబికి, 2019లో నైవాషా దాకా వచ్చి ఆగింది. ఉగాండా బోర్డర్ ఇంకా చాలా దూరం. తంజానియా తన రైలు తను వేసుకుంటోంది. ఒకే రేవు, ఒకే రైలు ఉండాల్సిన చోట పోటీ రేవులు, పోటీ రైళ్ళు, అన్నీ అప్పు మీద. సరుకు వేసేవాడిగా నాకు పోటీ మంచిదే. అప్పు కట్టేవాళ్ళ సంగతే చెప్పలేను.

ఇక ఒకే కరెన్సీ. 2013 నవంబరులో కంపాలాలో సంతకాలయ్యాయి, 2024కల్లా తెస్తామన్నారు. ఆ ఏడాది రాకముందే 2031 అని మార్చారు. చేరాలంటే ద్రవ్యోల్బణం 8 శాతం లోపు, బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం లోపు, అప్పు 50 శాతం లోపు, నాలుగున్నర నెలల దిగుమతులకి సరిపడా విదేశీ నిల్వలు ఉండాలి. ఈ నాలుగూ ఒకేసారి, మూడేళ్ళ పాటు వరసగా అందుకున్న దేశాన్ని నాకు చూపించండి. ఇప్పుడు డాలరుకి కెన్యా షిల్లింగులు సుమారు 130, తంజానియావి 2,500 అటూ ఇటూ, ఉగాండావి 3,500 పైన. పేరు ఒకటే గానీ ఎవరి కష్టం వాళ్ళది. కాంగో బజారులో పెద్ద బేరమంతా అమెరికా డాలర్లలోనే. నోట్ల ముద్రణ అరుషా చేతిలో పెట్టి, జీతాలకి డబ్బు చాలనప్పుడు చేతులు కట్టుకుని కూర్చునే ప్రభుత్వం ఆ ఎనిమిదిలో ఒక్కటీ లేదు. యూరో వాడే గ్రీసు అప్పుల్లో మునిగినప్పుడు దానికి ఏమైందో వాళ్ళూ చూశారు. 2031 మీద మీ వ్యాపారం లెక్కలు వేసుకోకండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, కాంగో ఒక ఎత్తు. 2022 ఏప్రిల్‌లో కాంగో సంతకం చేసింది. జూన్‌లో ఎం23 తిరుగుబాటుదారులు ఉగాండా బోర్డర్‌లోని బునగానాని పట్టుకున్నారు. వాళ్ళ వెనక రువాండా సైన్యం ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు పదే పదే రాశారు, రువాండా కాదంటుంది. సమాఖ్య తన ఉమ్మడి సైన్యాన్ని 2022 నవంబరులో పంపింది. వాళ్ళు తిరుగుబాటుదారులతో పోరాడటం లేదని ఏడాదికే కాంగో వెళ్ళిపొమ్మంది, దక్షిణాఫ్రికా వైపు కూటమిని పిలుచుకుంది. ఆ కూటమిలో తంజానియా కూడా సభ్యురాలే, సైనికుల్ని పంపింది. బురుండి సైనికులు కాంగో పక్షాన యుద్ధంలో ఉన్నారు, రువాండాతో బోర్డర్ని 2024 జనవరిలోనే మూసేసుకున్నారు. అంటే ఒకే సమాఖ్యలోని సభ్యులు ఒకే యుద్ధంలో చెరో పక్క. 2025 జనవరి చివర్లో తూర్పు కాంగోలోని గోమా ఎం23 చేతికి పోయింది, ఫిబ్రవరిలో బుకావు. గోమా పడ్డ ఆ వారంలోనే అత్యవసర శిఖరాగ్రం పెడితే కాంగో అధ్యక్షుడు షిసెకెదీ రానే లేదు. ఆ జూన్‌లో కాంగో, రువాండా మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టింది వాషింగ్టన్‌లో, అరుషాలో కాదు.

గోమాలో బ్యాంకులు మూతపడ్డాయి, విమానాశ్రయం మూతపడింది. మా పాత పార్టీ ఒకాయన అక్కడ కిరాణా హోల్‌సేల్ చేసేవాడు. కంపాలా నుంచి సరుకు అప్పు మీద తీసుకునేవాడు, నెల తిరిగేసరికి డాలర్లు కట్టేసేవాడు, మంచి మనిషి. ఇప్పుడు ఆయన బాకీ కొట్టేసిన బాకీల పుస్తకంలో ఉంది.

వీళ్ళకి అసలు కలిసి పనిచేయడమే చేతకాదా అని అడిగితే, చేతనవుతుంది. 2024 నవంబరులో ఉగాండా ప్రతిపక్ష నాయకుడు కిజ్జా బెసిగ్యే నైరోబికి వెళ్తే అక్కడ ఎత్తుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత కంపాలా సైనిక కోర్టులో తేలాడు. ఆ ప్రయాణానికి పాస్‌పోర్టు స్టాంపు, క్యూ ఏమీ అడ్డం రాలేదు. 2025 మేలో తంజానియాలో ప్రతిపక్ష నాయకుడి కేసు విచారణ చూడ్డానికి వెళ్ళిన కెన్యా, ఉగాండా కార్యకర్తల్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టి బోర్డర్‌లో వదిలేశారని వాళ్ళే బయటికి వచ్చి చెప్పారు. ముసెవెని 1986 నుంచీ గద్దె మీద ఉన్నాడు. ఇలాంటి వాళ్ళు తమ పైన ఇంకొక అధికారాన్ని ఒప్పుకుంటారా? రాజకీయంగా కూడా అందరూ ఒకటి కావాలన్న మాట ఒప్పందంలో ఉంది. నేను ఆ మాట విన్నప్పుడల్లా మొదటి అధ్యక్షుడు ఎవరని అడిగేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు.

మామూలు జనం మాట కూడా చెప్పాలి, అక్కడా అంతా స్వచ్ఛంగా లేదు. 2025 జూలైలో తంజానియా విదేశీయులు చేయకూడని చిన్న వ్యాపారాల జాబితా ఒకటి తెచ్చింది. మొబైల్ డబ్బు కౌంటర్, సెలూన్, టూరిస్ట్ గైడ్ లాంటివి. చైనావాళ్ళని ఉద్దేశించి అన్నారు గానీ దెబ్బ తగిలింది కెన్యా వాళ్ళకే. దార్‌లోని కరియాకో బజారులో నాకు తెలిసిన దుకాణదారులు మాత్రం సంతోషించారు. మా అద్దెలు పెంచేశారు కదా ఈ బయటివాళ్ళు అన్నారు. 'బయటివాళ్ళు' లెక్కలో నేనూ ఉన్నానని గుర్తుచేస్తే, నువ్వు ముహిందీవి (అంటే ఇండియా మనిషివి) కదా, నీ సంగతి వేరు అన్నారు. అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంత చెప్పాక, పనికొచ్చినవి కూడా చెప్పకపోతే అన్యాయం. నేను వెళ్ళిన కొత్తలో మొంబాసా నుంచి కంపాలాకి కంటైనర్ రావడానికి రెండున్నర వారాలు పట్టేది. కెన్యా, ఉగాండాల మధ్య మలాబా బోర్డర్‌లో డ్రైవర్లు లారీ కిందే వంట చేసుకుని పడుకునేవాళ్ళు. 2014 నుంచి సుంకం మొంబాసాలో కదలకముందే కట్టే పద్ధతి, రెండు దేశాల ఆఫీసర్లు ఒకే భవనంలో కూర్చునే పద్ధతి వచ్చాయి. ఇప్పుడు నాలుగైదు రోజులు. (2020 మేలో కరోనా టెస్టుల కోసం అదే మలాబాలో లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచాయి. అది వేరే సంగతి.) కెన్యా, ఉగాండా, రువాండా జనం ఒకరి దేశానికి ఒకరు ఐడీ కార్డుతోనే వెళ్తారు. మీరు తిరగడానికి ఆ మూడింటికీ కలిపి 100 డాలర్ల టూరిస్ట్ వీసా ఉంది, తొంభై రోజులు. వ్యాపారానికి అది పనికిరాదు, జాగ్రత్త.

అన్నిటికంటే నాకు నచ్చే చోటు బుసియా. ఊరు సగం కెన్యాలో, సగం ఉగాండాలో. రెండు చెక్‌పోస్టుల మధ్య నడవలేని దూరం ఉండేది కాబట్టి కుర్రాళ్ళు సైకిల్ వెనక సీటు మీద జనాన్ని దాటించేవాళ్ళు, 'బోర్డర్, బోర్డర్' అని కేకలు వేస్తూ. అదే బోడా బోడా అయింది. ఇప్పుడు ఆ ప్రాంతమంతా బైక్ టాక్సీని ఆ పేరుతోనే పిలుస్తారు. పొద్దున్నే తలమీద టమాటాల బుట్ట, గుడ్ల ట్రేలు పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా అటూ ఇటూ దాటుతుంటారు. వాళ్ళ సరుకు చిన్నది కాబట్టి సులువు సర్టిఫికెట్ ఒకటి ఉంది. చాలామంది దాన్ని అడగరు, పక్క సందు తెలుసు.

మీ సంగతికి వస్తే, ఒక్క పోర్టునే నమ్ముకోకండి. మొంబాసాలో ఒక క్లియరింగ్ ఏజెంట్, దార్‌లో ఒకరు, ఇద్దరితోనూ ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒక దారి మూసుకున్న రోజున వెతుక్కుంటే దొరకరు. కాంగోకి అమ్మితే డబ్బు చేతికొచ్చాకే లారీ కదలనివ్వండి. రువాండా పార్టీ అడిగితే కంపాలా గోడౌన్ నుంచి తియ్యకండి, పోర్టు నుంచే ట్రాన్సిట్ బాండ్ (దారిలోని దేశంలో సుంకం కట్టకుండా సరుకు దాటించడానికి ఇచ్చే హామీ) మీద నేరుగా పంపండి, రెండుసార్లు సుంకం కట్టే బాధ తప్పుతుంది. ఒప్పందంలో డ్యూటీ ఎవరు కట్టాలో, రేటు మారితే తేడా ఎవరిదో ముందే రాయించుకోండి.

ఇంకొకటి. అక్కడ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కెన్యా, ఉగాండా, తంజానియా జూన్ మధ్యలో ఒకే రోజు బడ్జెట్ చదువుతాయి. ఆ తర్వాత జూన్ నెలాఖరుకి అరుషా గెజిట్ వస్తుంది, ఏ దేశానికి ఏ సరుకు మీద ఏ మినహాయింపో అందులోనే తెలుస్తుంది. బియ్యం లైను ప్రతి ఏడూ చూడాల్సిందే. జూన్ ఇరవై నుంచి జూలై పది దాకా మీ ఓడ సముద్రం మీద లేకుండా చూసుకోండి. 2016లో మా పార్టీ ఒకాయన వినలేదు. ఓడ జూలై 2న తీరానికి వచ్చింది.